ముందుగా వచ్చి ఓడిపోయే బండి

అల్ ఖౌద్,
2008 నవంబరు 15.

తమ్ముడు జిలానీకి,

రుసైల్ ఫ్యాక్టరీ సరుకుతో ఫక్రుద్దీన్ లారీ రేపు మీ సోహార్ పోర్టుకు వస్తోందని తెలిసి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఫోన్ ఉంది కదా అంటావు. ఫోన్‌లో నేను ఒక మాట ఎత్తుకునేలోపు నువ్వు మూడు మాటలు అడ్డం వేస్తావు. ఉత్తరంలో ఆ బాధ లేదు. నువ్వు ఎంత గింజుకున్నా నా మాట పూర్తయ్యేదాకా చదవాల్సిందే.

మీ కంపెనీ బస్సుల షెడ్డుకు ఏసీ పెట్టారని రాశావు. సంతోషం. మెకానిక్కుకు చెమట పట్టని చోట బండికి రోగం తెలియదని నా అనుమానం. ఆ సంగతి ఇంకోసారి.

నిన్న శుక్రవారం కార్ల పందెం జరిగింది. ఈ గ్యారేజీ యజమాని, మన అర్బాబ్ ఖల్ఫాన్ అందరికంటే ముందు వచ్చాడు. అందుచేత ఓడిపోయాడు.

కంగారుపడకు, నాకు మతి పోలేదు. నువ్వు ఈ గ్యారేజీ వదిలిపెట్టాక క్లబ్బువాళ్ళు కొత్త పద్ధతి తెచ్చారు. పావు మైలు దూరానికి మన బండి ఎన్ని సెకన్లు తీసుకుంటుందో మనమే ముందుగా అద్దం మీద తెల్లటి బూటు పాలిష్‌తో రాయాలి. నెమ్మది బండిని ఆ తేడా చూసుకుని ముందు వదులుతారు, జోరు బండిని వెనక వదులుతారు. అంటే ముసలి బండికీ కుర్ర బండికీ సమానంగా న్యాయం. కానీ రాసుకున్నదానికంటే ఒక్క పిసరు త్వరగా వచ్చావో, అబద్ధం చెప్పావని తోసేస్తారు. గొప్పలు చెప్పుకున్నవాడికి శిక్ష పడటం ఎక్కడైనా చూస్తాం. తక్కువ చెప్పుకున్నవాడికి కూడా శిక్ష పడే చోటు ఇదొక్కటే.

మన ఎనిమిది సిలిండర్ల అమెరికా ముసలిది పన్నెండున్నరలో వస్తుంది. నా చేతిలో పెరిగిన బండి, నాకు తెలియదా? అర్బాబ్ మాత్రం పాలిష్ డబ్బా నా చేతికి ఇవ్వడు. తానే అద్దం మీద 'పదమూడు' అని రాస్తాడు. ముందు రౌండ్లలో చివర్లో కాలు తీసి లెక్కకు సరిపోతాడు. ఫైనల్లో మాత్రం తొక్కి, దుమ్ము లేపుకుంటూ ముందు వచ్చేస్తాడు. జనం ఈలలు వేస్తారు. మైకులో మాత్రం 'ఖల్ఫాన్, అవుట్' అంటారు. ఈ ఏడు నెలల్లో ప్రతిసారీ ఇదే కథ.

"అర్బాబ్, పన్నెండున్నర అని రాయి" అంటే, "యా పెంచల్, బండి ముసలిది, ఎందుకు దాని మీద అంత బరువు పెట్టడం?" అంటాడు. బండి మీద అంత జాలి ఉన్నవాడు దాన్ని అలా తొక్కుతాడా?

నీకు తెలుసు కదా ఆయన సంగతి. ఈ అరబ్బుల దేశంలో మొదటి తారు రోడ్డు పడినప్పుడు ఆయనకు పదహారేళ్ళు. రోడ్డు పడిన వారానికే వాళ్ళ చిన్నాన్న జీపు తీసుకుపోయి పక్క ఊరి కుర్రాళ్ళతో పందెం వేశాడు. పెళ్ళిరోజున కూడా పందానికి పోయి, అక్కడ గేరు పెట్టె విరిగి, పెళ్ళికి ఒంటె మీద వచ్చాడు. ఇప్పుడు యాభై నాలుగు. మధ్యలో పెద్దకూతురు కాన్పు, చిన్నకూతురు పెళ్ళి, రెండు వరదలు, ఒక తుపాను. వేటికీ ఆయన పందెం ఆగలేదు.

నా బాధ వేరు. మార్చిలో నాకు అరవై నిండుతాయి. బతాకా, అదే పని కార్డు, మళ్ళీ ఇవ్వరని ఆఫీసులో చెప్పేశారు. ఇరవై ఏళ్ళుగా ఈ సందులో నా పేరు పెంచలయ్య కాదు, 'ఓడిపోయే బండి మిస్త్రీ'. టీ కొట్టు మలబారు కాకా కూడా టీ ఇస్తూ, "ఈ వారం ఏం సాకు?" అంటాడు. నా చేతి బండి ఒక్కసారి, ఒకే ఒక్కసారి గెలిచాక విమానం ఎక్కాలని ఉంది. అంతకుమించి ఏమీ కోరను. 

నీ అన్న,
పెంచలయ్య.


సోహార్,
2008 నవంబరు 28.

పెంచలన్నకు జిలాని సలాములు.

నీ ఉత్తరం చదువుతుంటే మా రూమ్‌లో జహీరుద్దీన్ "ఏం భాయ్, ఇంటి నుంచి మంచి కబురా, అట్లా నవ్వుతున్నావ్?" అన్నాడు. మంచి కబురే, మా పాత అర్బాబ్ మళ్ళీ ఓడిపోయాడంట అని చెప్పినా.

నాకేం తెలుసన్నా ఆ కొత్త పద్ధతి గురించి! నువ్వు రాస్తేనే తెలిసింది. ఇక్కడ బస్సులు, బస్సులు, బస్సులు. శుక్రవారాలు ఒక లోకల్ పిల్లోడు తన కారు చూడమంటే కాస్త చూసిపెడతా. చిన్న పని.

నీ షెడ్డు మాట బాగాలేదు. ఏసీలో ఉన్నా నా చెయ్యి చెయ్యే.

అన్నా, ఊరికే అడుగుతున్నా, ఆయన ప్రతిసారీ పదమూడే రాస్తాడా? ఎప్పుడూ మార్చడా? మనసు ఊరుకోక అడిగినా అంతే. వచ్చే పందెం జనవరిలో కదూ? అప్పుడు కూడా పదమూడే రాస్తాడంటావా?

మోకాలికి నూనె రాస్తున్నావా? ఎక్కువసేపు బండి కింద పడుకోకు.

నీ తమ్ముడు,
జిలాని.


అల్ ఖౌద్,
2008 డిసెంబరు 13.

ఒరే జిలానీ,

పదమూడే. రాసిపెట్టుకో. జనవరిలోనూ పదమూడే. ఎందుకో ఇప్పుడు నాకు తెలిసింది. తెలిసినప్పటినుంచి అన్నం దిగడం లేదు.

బక్రీదు రెండోనాడు అర్బాబ్ ఇంటికి భోజనానికి పిలిచారు. మగవాళ్ళ గదిలో అందరూ ఒంటెల ధరల గురించి మాట్లాడుతున్నారు. నేను చెయ్యి కడుక్కోవడానికి వెనక వైపు పోతే అక్కడ అమ్మణ్ణి గిన్నెలు తోముతోంది. ఆ ఇంట్లో పనిచేసే మన రాయచోటి మనిషి, నీకు గుర్తుండదు, నువ్వు వెళ్ళాకే వచ్చింది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"ఏం పెంచలన్నా, ముఖం అట్లా పెట్టినావు? మళ్ళా ఓడిపోయినందుకా?" అంది.

"నవ్వు తల్లీ నవ్వు. నీది కూడా బాకీ ఉంది" అన్నాను.

"నవ్వక ఏం జేయాల? నువ్వు ఎంత జేసినా ఆ బండి గెలవదులే."

"ఏం, నా పని బాగాలేదా?"

"నీ పనికేం, బంగారట్లుంటాది. ఆయప్ప గెలవకూడదు. మామా నాకు చెప్పింది. చెప్పి ఏడ్సింది గూడా."

మామా అంటే అర్బాబ్ భార్య షంసా. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు యజమానురాలిని అలాగే పిలుస్తారు కదా. అమ్మణ్ణి చెప్పింది ఇదీ. ఎనభై ఎనిమిదిలో నిజ్వా రోడ్డు మీద అర్బాబ్ బండి పల్టీ కొట్టి భుజం ఎముక విరిగిందే, ఆ రోజు ఆసుపత్రి మంచం మీద షంసా ఆయన చేత దేవుడి మీద ఒట్టు వేయించుకుంది. ఏమని? 'గెలిచిన రోజున పందాలు మానేస్తాను' అని. ఈ క్షణమే మానెయ్యమంటే ఆ మనిషి ప్రాణం పోతుందని ఆ తల్లి భయపడింది. అప్పట్లో ఆయనంత తోలేవాడు ఈ తీరంలో లేడు. ఎముక అతుక్కోగానే గెలుస్తాడు, మానేస్తాడు, పీడా పోతుంది అనుకుంది. మొగుడి తెలివి మీద నమ్మకం ఉన్న ఆడది కాబట్టి అలా మోసపోయింది.

ఆయన ఒట్టు తప్పలేదు జిలానీ. నిష్ఠగా పాటించాడు. మానెయ్యాల్సి వస్తుందని ఇరవై ఏళ్ళుగా గెలవడం లేదు!

ఇప్పుడు లెక్క సరిపోయింది కదా. క్లబ్బు రాకముందు, కొత్త రోడ్ల మీద దొంగతనంగా పందాలు వేసే రోజుల్లో, చివరికొచ్చేసరికి 'గేరు జారింది పెంచల్', 'పెట్రోల్లో నీళ్ళు పెంచల్', 'క్లచ్చు పట్టలేదు పెంచల్' అనేవాడు. మనిద్దరం శనివారమంతా గేరు పెట్టె విప్పి, ప్రతి పళ్ళచక్రాన్నీ కిరసనాయిలుతో కడిగి, తప్పు కనపడక మన చేతులను మనమే తిట్టుకునేవాళ్ళం. నువ్వు ఒకసారి ఏడ్చావు కూడా. ఇరవై ఏళ్ళు లేని రోగానికి వైద్యం చేశాం రా మనం. ఇప్పుడు క్లబ్బువాళ్ళ పుణ్యమా అని ఆయనకు సాకులు వెతుక్కునే శ్రమ తప్పింది. తొక్కినంత తొక్కవచ్చు, అందరికంటే ముందు రావచ్చు, ఈలలు వేయించుకోవచ్చు, అయినా చట్టప్రకారం ఓడిపోవచ్చు. ఆయన కోసమే ఎవరో కూర్చుని ఈ పద్ధతి కనిపెట్టినట్టుంది.

ఆయన పందెం ఆయనకు దక్కింది, ఆమె మొగుడు ఆమెకు ప్రాణాలతో దక్కాడు. నాకేం దక్కింది? కాకా చేతి టీ.

ఇప్పుడేం చేయాలో చెప్పు.

పెంచలయ్య.


సోహార్,
2008 డిసెంబరు 30.

అన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. ఆ గేరు పెట్టె సంగతి తలుచుకుంటే నాకూ మండింది. నేను ఏడవలేదు. కంట్లో కిరసనాయిలు పడింది.

కానీ అన్నా, నామాట విను. కసమ్ అంటే చిన్న విషయం కాదు. అల్లా పేరు మీద పడిన మాట. భార్యాభర్తల మధ్య, దేవుడి మధ్య మనం ఎవరం? నువ్వు మార్చిలో వెళ్ళిపోయేవాడివి. పెద్దవాడివి. ఆయన్ని ఆయన మానాన పదమూడు రాసుకోనీ. ప్రశాంతంగా చూస్తూ ఉండు. ఏమీ ముట్టుకోకు. నేను నీ మేలు కోరి చెబుతున్నా. ఈ రెండు నెలలూ ఆ బండికి నూనె మార్చు, తుడుచు, చాలు.

నమాజులో నీకోసం దువా చేస్తా.

జిలాని.


అల్ ఖౌద్,
2009 జనవరి 17.

తమ్ముడు జిలానీకి,

గెలిచాం.

ఈ ఒక్క మాటే రాసి కవరు మూసేద్దామనుకున్నాను, కానీ నా సంగతి నీకు తెలుసు.

నీ సలహా బాగుంది, అందుకే పాటించలేదు. నువ్వు అంత భక్తిగా మాట్లాడటం నేను మొదటిసారి చూశాను. ఎక్కడో తేడాగా అనిపించింది. ఆ తేడా ఏమిటో ఫక్రుద్దీన్ చెప్పాడులే, ఆ సంగతి కింద వస్తుంది.

నేను చేసిందల్లా ఇదే. ఆయన పదమూడు రాస్తాడు, బండి పన్నెండున్నరలో వస్తుంది. ఆయన రాత మార్చలేను. బండిని మార్చగలను కదా. గురువారం సాయంత్రం డిస్ట్రిబ్యూటర్ మూత తీసి ఇగ్నిషన్ టైమింగ్ కాస్త వెనక్కి తిప్పాను. గోరంత. ముసలిదానికి కొంచెం ఆయాసం పట్టేంత. ఇరవై మూడేళ్ళు దాన్ని జోరుగా పరుగెత్తించడానికి తంటాలు పడినవాడిని, నా చేత్తో దాని పీక నొక్కాను. గెలవడం కోసం!

ఫైనల్లో ఎదురు బండి సోహార్ కుర్రాడు సుఫియాన్‌ది. కొత్త జపాన్ బండి, దాని మూతి మీద మెరుపు బొమ్మలు. మనవాణ్ణి ముందు వదిలారు. లైటు పచ్చగా మారిందో లేదో దూకాడు. దూకడంలో ఆయన్ని మించినవాడు లేడు. పావు మైలు పొడవునా పెడల్ నేలకు అంటించే ఉంచాడట. 'ఎందుకో ముసలిది ఇవాళ బద్ధకంగా ఉంది అనుకున్నా' అని తర్వాత చెప్పాడు. ఆ కుర్రాడు వెనకనుంచి గాలిలా వస్తూ, అందుకోగలిగి కూడా చివర్లో బ్రేకు తొక్కాడు. ఎందుకు తొక్కాడో నాకు అర్థం కాలేదు. మనవాడు పదమూడుకు రెండు వెంట్రుకల తర్వాత గీత దాటాడు. మైకులో 'విజేత ఖల్ఫాన్' అన్నారు.

మైదానం లేచి నిలబడింది జిలానీ. పరుగెత్తుకుంటూ పోయి కారు తలుపు తీశాను. ఆయన స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"యా పెంచల్, ఏమంటున్నాడు మైకులో?"

"గెలిచావు అర్బాబ్!"

"మళ్ళీ అడిగి రా. పొరపాటు పడి ఉంటారు."

అడిగి వచ్చాను. పొరపాటు లేదు. చావు కబురు విన్నవాడిలా దిగి, కప్పు తీసుకున్నాడు. ఫొటోవాడు నవ్వమన్నాడు. ఆయన పళ్ళు చూపించాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి నన్ను తోలమన్నాడు. దారిపొడవునా కప్పు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "బాగుంది, బాగుంది" అని ఎవరికో చెప్పినట్టు అన్నాడు.

ఈ ఉదయం కాకా నాకు టీ ఊరికే ఇచ్చాడు. తాగాను. ఎందుకో చక్కెర తక్కువైనట్టనిపించింది.

మరచాను. నువ్వు చూస్తున్న ఆ 'లోకల్ పిల్లోడి' పేరు సుఫియానేనట కదా? కొత్త పద్ధతి నీకు తెలియదన్నావు. ఇప్పుడు తెలిసుంటుంది.

పెంచలయ్య.


సోహార్,
2009 జనవరి 25.

పెంచలన్నా,

అవును, సుఫియాన్ బండి నా చేతిదే. చెప్పలేదు. చెబితే నువ్వు నీ బండి గురించి ఒక్క ముక్క రాసేవాడివా?

కానీ నువ్వు చేసిన పని ఏంది! నేను ఆ పిల్లోడికి ఒట్టేసి చెప్పినా. "సుఫియాన్, ఆ ముసలాయన పదమూడు రాస్తాడు, పన్నెండున్నరలో పోతాడు, తనంతట తానే అవుట్ అవుతాడు. నువ్వు ముందు పోవాల్సిన పనే లేదు. నీ నంబరు కంటే త్వరగా రాకుండా చివర్లో బ్రేకు తొక్కి నింపాదిగా రా, కప్పు నీదే" అని. నీ చేతి రాతే నాకు సాక్ష్యం. 'రాసిపెట్టుకో' అన్నావు. రాసిపెట్టుకున్నా. పిల్లోడు నేను చెప్పినట్టే బ్రేకు తొక్కినాడు.

తిరిగి వచ్చే దారిలో సహమ్ దాకా వాడు రేడియో గట్టిగా పెట్టి తోలినాడు. సహమ్ దగ్గర పెట్రోలు బంకులో ఆపి, "జిలానీ, నీ దోస్తు నీకు అబద్ధం రాశాడు" అన్నాడు. నేను కాదన్నా. "మా అన్న అబద్ధం రాయడు, దొంగపని చేసుంటాడు" అన్నా. చూడు, నీ పరువు నేనెట్లా కాపాడినానో.

ఇప్పుడు నువ్వు గెలిచినావు. మరి ముసలాయన మానేసినాడా?

జిలాని.


అల్ ఖౌద్,
2009 ఫిబ్రవరి 21.

తమ్ముడు జిలానీకి,

దొంగ ఉత్తరాలు రాసినవాడికి దొంగ టైమింగ్ తగిలింది. చెల్లుకు చెల్లు. 

మానేశాడు. గెలిచిన సాయంత్రమే కప్పు తీసుకుపోయి షంసా ముందు పెట్టి, "ఖలాస్" అన్నాడట. ఆమె ఏడ్చిందట, కళ్ళకద్దుకుందట, పొరుగిళ్ళకు హల్వా పంపిందట. ఇదంతా మొదటి వారం.

రెండో వారం నుంచి అమ్మణ్ణి గ్యారేజీకి ఫోన్ చేయడం మొదలుపెట్టింది.

"అన్నా, ఆయప్పను ఏదో ఒకటి జెప్పి ఆడికి పిలిపించుకో. నీకు పుణ్యముంటాది."

"ఏమైంది?"

"పొద్దన్నే లేసి వంటింట్లో కుర్సీ ఏసుకుని కూసుంటాండు. ఉల్లిగడ్డ తరిగేది నేర్పిస్తాండు నాకు! ఫ్రిజ్జి మోగుతాందని దాన్ని ఇప్పి నడింట్లో పరిసినాడు. నిన్న మామా టీలో యాలకులు ఎన్నేస్తాందో లెక్కబెట్టినాడు. ఇంకో నాలుగు దినాలైతే మామా ఆయప్పనన్నా కొడతాది, నన్నన్నా కొడతాది."

ఇరవై ఏళ్ళు ఆ ఇల్లాలు గురు, శుక్రవారాలు ఇల్లు తన చేతిలో ఉందన్న సంగతి గమనించుకోలేదు. అక్కాచెల్లెళ్ళు వచ్చేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు, ఎవరి మాటకూ అడ్డం లేదు. ఇప్పుడు అక్కాచెల్లెళ్ళ మధ్యలో ఈయన కూర్చుని క్లచ్ ప్లేట్ల గురించి చెబుతున్నాడు. వాళ్ళు రావడం మానేశారు.

చివరికి ఆమే మసీదు పెద్దాయన్ని అడిగించింది. దేవుడి మీద వేసిన ఒట్టు నుంచి బయటపడే దారి ఉందా అని. ఆయన, ఇదేం పెద్ద చిక్కు అన్నట్టు, పదిమంది బీదలకు కడుపునిండా అన్నం పెట్టించమన్నాడు. అంతే! మీవాళ్ళందరికీ తెలిసిన సంగతేనట. నీకూ తెలిసే ఉంటుంది. డిసెంబరులో కసమ్ గురించి అంత పొడుగున రాసినవాడివి, ఈ ముక్క మాత్రం ఎలా వదిలేశావో!

నిన్న మధ్యాహ్నం పెట్టారు. రుసైల్ కూలీల క్యాంపు నుంచి పదిమందిని ఫక్రుద్దీన్ లారీలో ఎక్కించుకొచ్చాడు. పెద్ద తాంబాళాల్లో అన్నం, పైన మేకమాంసం. అర్బాబ్ స్వయంగా వడ్డించాడు. నేను ఆ పదిలో లెక్కకు రానని మసీదు పెద్దాయన మర్యాదగా చెప్పి, పదకొండోవాడిగా కూర్చోబెట్టాడు. తప్పు చేసినవాడికి ఆ మాత్రం చాలు.

అందరూ వెళ్ళాక అడిగాను.

"అర్బాబ్, ఈ పదిమంది సంగతి నీకు ముందు తెలియదా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"చిన్నప్పటినుంచి. మా అమ్మ నెలకో ఒట్టు వేసేది. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు తింటూ ఉండేవారు."

"మరి ఇరవై ఏళ్ళ కిందటే ఒక పూట పెట్టించేసి, హాయిగా గెలవకూడదా?"

ఆయన ఖర్జూరం గింజ చేతిలో తిప్పాడు. "గెలిచేవాణ్ణి అని నువ్వు అనుకుంటున్నావు" అన్నాడు. "భుజం విరిగాక నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. ఒట్టు ఉన్నంతకాలం అనుకోవచ్చు."

డిస్ట్రిబ్యూటర్ సంగతి చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన ఆ కప్పు తనదే అనుకుంటున్నాడు, అనుకోనీ. 

మార్చి ఆఖరి శుక్రవారం పందానికి పేరు ఇచ్చాడు. ఈసారి పాలిష్ డబ్బా నా చేతికిచ్చి, "నిజమైన నంబరు రాయి పెంచల్" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులకే నా విమానం. టైమింగ్ మళ్ళీ ఉండాల్సిన చోటికి తిప్పేశాను. ఈసారి ఏ దొంగతనమూ లేదు. అందుకే భయంగా ఉంది.

పెంచలయ్య.


సోహార్,
2009 మార్చి 10.

అన్నా,

పదిమంది అన్నం సంగతి నాకు తెలుసు. రాయలేదు. రాసుంటే ముసలాయన ఒట్టు విప్పుకుని గెలిచేవాడు, నా పిల్లోడి కప్పు పోయేది. ఎట్లాగూ పోయింది కదా, క్షమించు.

మేం కూడా వస్తున్నాం. ఈసారి మా బండి గురించి నీకు ఏమీ రాయను. నువ్వు కూడా మీ బండి గురించి రాయొద్దు. సుఫియాన్‌తో ఒకటే చెప్పినా: "ఈసారి ఎవరి మాటా వినొద్దు, నా మాట కూడా. దమ్ము ఉంటే తొక్కు."

మైదానంలో కలుద్దాం. నీ సామాను సర్దుకున్నావా? పెట్టె బరువెక్కితే స్పానర్లు నాకు వదిలి పో.

జిలాని.


సీబ్ విమానాశ్రయం,
2009 మార్చి 29.

తమ్ముడు జిలానీకి,

నువ్వు మొన్న మైదానంలో మీ పిల్లవాణ్ణి భుజాల మీద ఎత్తుకుని తిరుగుతుంటే వచ్చి మాట్లాడటం నాకు బాగుండదనిపించింది. బాగా తొక్కాడు. నీ చెయ్యి చెయ్యే, ఏసీలో ఉన్నా సరే.

నీకు అటువైపు ఏం కనబడిందో తెలియదు. ఇటువైపు జరిగింది చెబుతాను.

షంసా కూడా వచ్చింది, ఇరవై ఏళ్ళలో మొదటిసారి. అమ్మణ్ణిని వెంటబెట్టుకుని, కుర్చీ తెచ్చుకుని, ఆడవాళ్ళ తెర వెనక కూర్చుంది. మొదటి రౌండులో చెవులు మూసుకుంది. రెండో రౌండులో లేచి నిలబడింది. మూడో రౌండుకు ఎదుటివాడి తల్లిదండ్రుల గురించి ఏదో అంది. అమ్మణ్ణి నాకు దాన్ని తెలుగు చేయనంది.

ఫైనల్. మళ్ళీ మీరే. అద్దం మీద పన్నెండున్నరే రాశాను, కిందటి వారం నాలుగుసార్లు పరుగెత్తించి చూసి మరీ. అర్బాబ్ సీటుబెల్టు మూడుసార్లు లాగి చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అలా చూసుకోలేదు. మనవాణ్ణి ముందు వదలాలి. పచ్చలైటు పడింది.

బండి కదల్లేదు జిలానీ.

ఎంతసేపని అడగకు. ఒక రెప్పపాటు. ఓడిపోదామని కూర్చున్న రోజుల్లో లైటు కంటే ముందే దూకినట్టుండే మనిషి, గెలుద్దామని కూర్చున్న రోజున లైటును చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బండి నేను రాసిన నంబరును తూచా తప్పకుండా అందుకుంది. కానీ పోయిన రెప్పపాటు పోయింది. గీత దగ్గర మీ పిల్లవాడు అర బండి ముందున్నాడు.

అర్బాబ్ దిగాడు. షంసా మాత్రం తెర పక్కకు నెట్టి నేరుగా నా మీదికి వచ్చింది.

"పెంచల్! నంబరు తప్పు రాశావు! నువ్వు తక్కువ సెకన్లు రాయబట్టే ఆ కుర్రాణ్ణి త్వరగా వదిలారు! కొంచెం ఎక్కువ రాసుంటే మా ఆయన గెలిచేవాడు!"

కాకా అక్కడే ఉన్నాడు. సందులోని మిస్త్రీలంతా అక్కడే ఉన్నారు. నేను అర్బాబ్ వంక చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. ఏది తప్పో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"అవును మామా" అన్నాను. "నాదే తప్పు. బండి లెక్క సరిగా కట్టలేకపోయాను."

"వచ్చే నెల నేను రాస్తాను నంబరు!" అంది.

ఆయన తలెత్తాడు. "వచ్చే నెలా?" అన్నాడు.

"మరి? ఓడిపోయి ఊరుకుంటావా?" అంది. 

కాబట్టి నేను ఈ దేశం నుంచి ఇన్నేళ్ళూ ఎలా ఉన్నానో అలాగే, ఓడిపోయే బండి మిస్త్రీగానే పోతున్నాను. పైగా లెక్కలు రాని మిస్త్రీగా. ఆయన మాత్రం నంబరు సరిగ్గా పడితే గెలిచేవాడే. ఈ మాట ఇకనుంచి ఆ సందంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ.

ఇవాళ ఆయనే ఇక్కడికి తెచ్చి దింపాడు, ఆ ముసలిదాంట్లోనే. దారిలో రౌండెబౌట్ దాటాక సిగ్నల్ దగ్గర ఆగాం. ఇద్దరం ఎర్రలైటునే చూస్తున్నాం. పచ్చ పడింది. చూస్తూనే ఉన్నాం. వెనకవాడు హారన్ కొట్టాడు. అప్పుడు కదిలాడు.

ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు, రెండు కప్పుల కాఫీ తెచ్చాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను, రుసైల్లో ఫక్రుద్దీన్‌కు అందిస్తాడు. స్పానర్లు కూడా. ఆయనకు తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఇందాకటినుంచి కాగితంలోకి తొంగి చూస్తున్నాడు.

"ఎవరికి?"

"జిలానీకి."

"నా గురించా?"

"నీ గురించే. చాలా గొప్పగా రాశాను."

కాసేపు కాఫీ తాగాడు.

"ఆ సిగ్నల్ దగ్గర సంగతి రాశావా?"

"ఏ సిగ్నల్?" అన్నాను.

నీ అన్న,
పెంచలయ్య.